చుట్టపుచూపుగా వచ్చిన రైలెక్కేటప్పుడు

మూరెడు దారం, ఒక తాళంచెవి, సెకన్ల ముల్లున్న వాచీ, చిన్న నోట్‌బుక్, చెక్కిన పెన్సిళ్లు రెండు. కొత్త రైలెక్కే రోజు నా జేబులో ఉండేవి ఇవే. కెమెరా సంగతి ఆ తర్వాత. దారం, తాళంచెవి ఎందుకో కింద చెప్తాను. ముందు ఏ రైలు గురించి మాట్లాడుతున్నానో చెప్పాలి.

కొన్ని రైళ్లు ఒక దేశంలో పుట్టి, ఇంకో దేశానికి కొన్ని నెలలపాటు చుట్టపుచూపుగా వస్తాయి. అక్కడి పట్టాల మీద తిరిగి, నచ్చితే కొనుక్కోండి అని చెప్పి వెళ్లిపోతాయి. 1992-93లో అమెరికాకు అలాంటి చుట్టాలు ఇద్దరొచ్చారు. ఒకటి స్వీడన్ ఎక్స్ 2000, ఇంకోటి జర్మనీ ఐసీఈ. ఎక్స్ 2000ను అమెరికాలో ప్రయాణికుల రైళ్లు నడిపే ఆమ్‌ట్రాక్ సంస్థ కొన్ని నెలలు పరీక్షించి, 1993 ఫిబ్రవరి నుంచి మే దాకా వాషింగ్టన్-న్యూయార్క్ దారిలో టికెట్ కొన్న ఎవరైనా ఎక్కేలా నడిపింది. నేనప్పుడు మేరీల్యాండ్‌లో ఎమ్మెస్ చదువుతున్నాను. కాజీపేటలో డీజిల్ ఇంజన్ డ్రైవరు కొడుకుని. ఏప్రిల్‌లో ఒక బుధవారం క్లాసు ఎగ్గొట్టి ఎక్కాను. టికెట్ డబ్బుల కోసం ఆ నెలంతా ఆలుగడ్డ కూరతో గడిపాను. "రైలెక్కడానికి రైలెక్కేవాణ్ణి నిన్నే చూశాన్రా" అని మా గుంటూరు రూమ్మేటు నెలరోజులు ఏడిపించాడు.

ఆ రోజు సగం పనులు సరిగ్గా చేశాను, సగం తగలేశాను. కింద రాసిందంతా ఆ రెండు సగాల్లోంచి వచ్చిందే.

మొదటి రోజు వెళ్లకండి

ప్రారంభం రోజు రైలు మీకు కనబడదు, మనుషులే కనబడతారు. పూలదండలు, కెమెరాలవాళ్లు, పెద్దమనుషులు. సిబ్బంది కూడా టెన్షన్‌లో ఉంటారు, ఏమడిగినా "తర్వాత సార్" అంటారు. రెండు మూడు వారాలు ఆగి, వారం మధ్యలో వెళ్లండి. అప్పటికి రైలుకు కొత్త చోటు అలవాటవుతుంది, సిబ్బందికి రైలు అలవాటవుతుంది.

ఇంకో సంగతి. చుట్టం బండి సాధారణంగా ఒకే ఒక్క రేక్, అంటే ఒకే ఒక్క పెట్టెల వరస, ఉంటుంది. అది షెడ్డులో ఉండిపోతే ఆ టైముకు మామూలు బండి వస్తుంది. అందుకే ఫోన్‌లో కనుక్కుని ఊరుకోకుండా, ముందురోజు స్టేషన్‌కు వెళ్లి టికెట్ కిటికీలో అడగండి. "రేపు పొద్దున ఆ స్వీడన్ బండే వస్తుందా?" అని నేను మూడు రకాలుగా అడిగాను. కిటికీ వెనకావిడ మూడోసారి నవ్వింది, "మీలాంటివాళ్లు రోజుకు పదిమంది" అంది.

ముందురోజు రాత్రి చదువుకోవాల్సింది

రైలు గురించి కాదు, పట్టాల గురించి చదవండి. చాలామంది ఇక్కడే పొరపడతారు. రైలు కొత్తది, పట్టాలు పాతవి. చూడబోయేది ఆ రెండింటి కాపురం.

వాషింగ్టన్-న్యూయార్క్ దారి సుమారు 226 మైళ్లు, అంటే 360 కిలోమీటర్ల పైమాట. ఆ దారిలో కరెంటు లైను 1930ల్లో పెన్సిల్వేనియా రైల్‌రోడ్ వేసింది, 1935 నుంచి ఈ చివర నుంచి ఆ చివర దాకా కరెంటు బళ్లు నడుస్తున్నాయి. అప్పుడు పెట్టింది 11,000 వోల్టులు, సెకనుకు 25 సైకిళ్లు, అంటే కరెంటు సెకనుకు అన్నిసార్లు అటూ ఇటూ ఊగడం. స్వీడన్‌లో 15,000 వోల్టులు, 16⅔ సైకిళ్లు. మన దగ్గర 25,000 వోల్టులు, 50 సైకిళ్లు. మన ఇంటి మిక్సీని వేరే దేశానికి పట్టుకెళ్లి ప్లగ్గులో పెడితే ఏమవుతుందో తెలుసు కదా. రైలుకైనా అంతే, ఆ ఊరి కరెంటుకు సర్దుకున్నాకే కదులుతుంది.

బాల్టిమోర్ దగ్గర 1873 నాటి సొరంగం ఉంది. ఎంత గొప్ప రైలైనా అందులో తలవంచుకుని నెమ్మదిగానే పోవాలి. సస్క్వెహానా నది మీద పొడవాటి పాత వంతెన, న్యూజెర్సీలో హాకెన్‌సాక్ నది మీద నేను వెళ్లినప్పుడున్న 1910 నాటి తిరిగే వంతెన. ఇలాంటివన్నీ ఒక కాగితం మీద వరసగా రాసుకోండి. ఎక్కడ మెల్లగా పోతుందో ముందే తెలిస్తే, ఎక్కడ పరుగెత్తుతుందో దానంతటదే తెలుస్తుంది. నా కాగితం మీద ట్రెంటన్ నుంచి న్యూ బ్రన్స్‌విక్ దాకా ఎర్ర పెన్సిల్‌తో గీత గీసుకున్నాను. అక్కడ పట్టాలు దాదాపు తాడు లాగినట్టుంటాయి.

ఇక ఒరిగే విద్య. ఎక్స్ 2000 ప్రత్యేకత అదే కాబట్టి కాస్త ఆగి చెప్తాను.

మలుపులో రైలు మనల్ని బయటి వైపుకు నెట్టినట్టుంటుంది. దాన్ని తగ్గించడానికి బయటి పట్టాను లోపలి పట్టా కంటే ఎత్తుగా వేస్తారు. దీన్నే క్యాంట్ అంటారు. కాజీపేట గ్యాంగ్‌మన్లు చెక్క కొలబద్దా, రసమట్టం పట్టుకుని కొలిచేది దీన్నే. కానీ అదే పట్టా మీద నెమ్మదిగా పోయే గూడ్సు కూడా ఉంటుంది. ఎత్తు మరీ పెంచితే గూడ్సు బరువంతా లోపలి పట్టా మీద పడుతుంది. కాబట్టి ఎత్తుకు ఒక హద్దు పెడతారు. ఆ హద్దుకు మించిన వేగంతో పోతే రైలేమీ వెంటనే పడిపోదు. ముందు ప్రయాణికుడు ఒరుగుతాడు, వాడి చేతిలో కాఫీ ఒలుకుతుంది.

స్వీడన్‌వాళ్లు పట్టాల జోలికి పోకుండా, పెట్టెనే లోపలికి వంచారు. రైలు ముందు భాగంలో ఉన్న సెన్సర్ మలుపును పసిగడుతుంది. హైడ్రాలిక్ సిలిండర్లు ఒక్కో పెట్టెను ఆరేడు డిగ్రీలు వంచుతాయి. సైకిల్ మీద మలుపు తిరిగేటప్పుడు మనం వంగినట్టే. ఇంజన్ మాత్రం వంగదు. అందులో ప్రయాణికులుండరు కదా, డ్రైవరు సర్దుకోవాలి. ఈ ముక్క ఉత్తరంలో రాస్తే మా బాపు "డ్రైవరు ఎక్కడైనా డ్రైవరే" అని జవాబు రాశాడు.

మరో మాట. మనం పెట్టెను బోగీ అంటాం. నిజానికి బోగీ అంటే కింద చక్రాలుండే చట్రం. ఈ వ్యాసంలో పెట్టె అంటే పెట్టె, బోగీ అంటే చక్రాల చట్రం. ఎక్స్ 2000లో ఒరగడానికి ఎంత పేరొచ్చిందో, నా లెక్కలో ఆ బోగీలకూ అంత రావాలి. వాటి ఇరుసులు మలుపును బట్టి కొద్దికొద్దిగా తిరుగుతాయి. దానివల్ల చక్రం పట్టాను గీరడం తగ్గుతుంది. పెట్టె వంగితే ప్రయాణికుడికి సుఖం, ఇరుసు తిరిగితే పట్టాకు సుఖం.

ప్లాట్‌ఫారం మీద

గంట ముందు వెళ్లండి. వాషింగ్టన్ యూనియన్ స్టేషన్ 1907లో తెరిచింది, ఆ కప్పు కిందే పావుగంట పోతుంది. పోనివ్వండి. కానీ రైలు ప్లాట్‌ఫారం మీదికి వచ్చి, మనల్ని లోపలికి వదిలిన వెంటనే, ముందు ఈ చివర నుంచి ఆ చివరకు నడవండి. ఒక చివర ఇంజన్, ఇంకో చివర డ్రైవరు కూర్చునే గది ఉన్న పెట్టె. ఇంజన్ మార్చకుండా రెండు వైపులా నడిచే ఏర్పాటు. ఈ పద్ధతి మన దగ్గర అప్పట్లో లోకల్ బళ్లకే ఎక్కువగా ఉండేది.

కిందికి చూడండి. అందరూ ముక్కు చూస్తారు, ముక్కుకు రంగేసినవాడి పనితనం తప్ప అందులో చదవడానికి ఎక్కువేమీ ఉండదు. బోగీ చూడండి, రెండు పెట్టెల మధ్య కలయిక చూడండి, గుమ్మానికీ ప్లాట్‌ఫారానికీ మధ్య సందు ఎంతుందో చూడండి. రైలు ఏ ఊరి ప్లాట్‌ఫారాన్ని తలచుకుని పుట్టిందో ఆ సందే చెప్తుంది.

ఫొటోల విషయంలో నేను చేసిన తప్పు ఇక్కడే. 36 ఫొటోల రీలు ఒకటే ఉంది నా దగ్గర. వాషింగ్టన్‌లో ఉత్సాహం కొద్దీ ముప్పై తీసేశాను, అందులో పదకొండు ముక్కు ఫొటోలే. మిగిలిన ఆరూ న్యూయార్క్‌లో దిగాక తీద్దామనుకున్నాను. న్యూయార్క్ పెన్ స్టేషన్‌లో ప్లాట్‌ఫారాలు నేల కింద ఉంటాయన్న సంగతి తెలిసి కూడా గుర్తు రాలేదు. వంద స్పీడు ఫిల్ముకు ఆ చీకట్లో ఏం పడుతుంది? కడిగించాక ఆరు ఫొటోల్లోనూ ఒక తెల్లటి మసక, పక్కన ఎవరిదో భుజం. ఇప్పుడు ఫోన్లున్నాయి కాబట్టి రీలు గొడవ లేదు, కానీ చార్జింగ్ గొడవ ఉంది. ఫొటోలు మూడు భాగాలు చేసుకోండి: ఎక్కేముందు కొన్ని, లోపల కొన్ని, దిగాక కొన్ని. వెలుతురు ఏ స్టేషన్లో బాగుంటుందో ముందే చూసుకోండి.

సీటు

సుఖం కావాలంటే పెట్టె నడిమధ్యలో కూర్చోండి. రైలు ఏం చేస్తోందో తెలియాలంటే చివర్లో, బోగీ పైన కూర్చోండి. నేను చివర్లోనే కూర్చుంటాను.

ఒరిగే రైలైతే వెనక పెట్టెలు మేలు. సెన్సర్ ముందుంటుంది కాబట్టి వెనక పెట్టెలకు మలుపు రాకముందే కబురు అందుతుంది, సరైన క్షణంలో వంగుతాయి. అన్నిటికంటే ముందున్న పెట్టెకు ఆ వెసులుబాటు తక్కువ.

ఎండ కూడా లెక్కలోకి తీసుకోండి. పొద్దున వాషింగ్టన్ నుంచి ఈశాన్యం వైపు పోతున్నాం, కాబట్టి ఎండ కుడి కిటికీలో పడుతుంది. ఎడమ వైపు కూర్చుంటే కళ్లు చికిలించాల్సిన పని లేదు. పైగా ట్రెంటన్ దగ్గర డెలావేర్ నది దాటేటప్పుడు ఎడమ వైపు ఒక పాత ఇనుప వంతెన మీద పెద్ద పెద్ద అక్షరాలు కనబడతాయి. "ట్రెంటన్ తయారుచేస్తుంది, ప్రపంచం పుచ్చుకుంటుంది" అని. మన ఊళ్లో ఏ వంతెన మీదా ఇంత ధీమా చూడలేదు.

వాచీతో వేగం లెక్క

పట్టాల పక్కన మైలు పలకలుంటాయి. మన దగ్గర కిలోమీటరు రాళ్లుంటాయి, కరెంటు స్తంభాల మీద కూడా కిలోమీటరు నంబరు వేసి ఉంటుంది. ఒక పలక నుంచి ఇంకో పలకకు ఎన్ని సెకన్లు పట్టిందో చూసి, 3600ను దాంతో భాగించండి. అదే వేగం. 36 సెకన్లయితే గంటకు 100. 30 అయితే 120. మైళ్లలో కొలిస్తే మైళ్లు, కిలోమీటర్లలో కొలిస్తే కిలోమీటర్లు.

ఒక్క మైలు మాత్రం కొలవకండి. రెప్ప వేసేలోపు పలక వెళ్లిపోతుంది, ఒక్క సెకను తేడా వస్తే లెక్క నాలుగైదు మైళ్లు తప్పుతుంది. ఐదు మైళ్లు కలిపి కొలిచి, ఐదుతో భాగించండి. ట్రెంటన్ దాటాక ఐదు మైళ్లకు నా వాచీలో 2 నిమిషాల 25 సెకన్లు. అంటే మైలుకు 29 సెకన్లు, గంటకు 124 మైళ్లు, 200 కిలోమీటర్లు. ఆ రోజుల్లో మన దేశంలో అన్నిటికంటే వేగమైన భోపాల్ శతాబ్ది 140 దాకా పోయేది. నోట్‌బుక్‌లో ఆ అంకె కింద రెండు గీతలు గీసి, చుట్టూ చూశాను. నా ముందు సీటాయన పేపరు చదువుకుంటున్నాడు. పక్కావిడ నిద్రపోతోంది. చెప్పుకోవడానికి ఒక్కడూ లేడు.

పలకల విషయంలో ఒక తిరకాసు. వాషింగ్టన్ నుంచి ఫిలడెల్ఫియాకు పోయేకొద్దీ నంబర్లు తగ్గుతూ సున్నా వైపు వస్తాయి, ఎందుకంటే ఆ భాగాన్ని ఫిలడెల్ఫియా నుంచి కొలిచారు. అది దాటగానే మళ్లీ ఎనభైల్లో మొదలై తగ్గుతాయి, ఎందుకంటే ఇటు భాగాన్ని న్యూయార్క్ నుంచి కొలిచారు. నాకది తెలియక ఒక పేజీ లెక్క మొత్తం తప్పేసుకుని, రైలు వెనక్కి పోతోందేమోనన్నంత అయోమయంలో పడ్డాను. మీరెక్కే దారిలో సున్నా ఎక్కడుందో ముందే కనుక్కోండి.

తాళంచెవి

ఇప్పుడు అసలు పని. దారానికి ఒక చివర తాళంచెవి కట్టండి. ఇంకో చివర కిటికీ ఫ్రేము పై అంచుకు టేపుతో అంటించండి. తాళంచెవి ఫ్రేము పక్కనే వేలాడాలి. నేరుగా పోతున్నప్పుడు దారమూ, ఫ్రేమూ పక్కపక్కన సమానంగా ఉంటాయి. తాళంచెవి ఊగుతుంటే చిటికెన వేలితో ఒకసారి ఆపండి. ఇక మలుపు కోసం చూడండి.

సస్క్వెహానాకు ముందు ఒక మలుపు వచ్చింది. కిటికీలో ఉన్న చెట్లన్నీ ఒక్కసారి పక్కకు వాలాయి. దూరంగా నీళ్ల అంచు కిటికీలో ఏటవాలు గీతలా పైకి లేచింది. భూమి ఇంత వాలితే నేను ఈపాటికి పక్కావిడ ఒళ్లో ఉండాలి. కానీ నా ముందున్న కాఫీ కప్పులో నీళ్లు కదలనే లేదు, అంచుకు అంచు సమానంగా ఉన్నాయి. తాళంచెవి ఫ్రేము నుంచి అర అంగుళం కూడా జరగలేదు. కళ్లు వాలుతున్నామంటున్నాయి, ఒళ్లు లేదంటోంది. రైలు నేరుగా అయ్యాక కూడా నేను ఫ్రేము పట్టుకునే ఉన్నాను.

ఆ కాస్త జరగడం కూడా లోపం కాదు, తెలిసి వదిలేసిందే. మలుపులో మనం అనుభవించే నెట్టుడులో 70 శాతం దాకానే ఒరగడంతో తీసేస్తారు. మొత్తం తీసేస్తే ఒంటికి మలుపు తిరుగుతున్న సంగతే తెలియదు, కంటికి మాత్రం తెలుస్తుంది. అప్పుడు కడుపులో తిప్పుతుంది.

ఆ 30 శాతం వదిలినా కొందరికి తిప్పుతుంది. బస్సులో వాంతులయ్యేవాళ్లయితే దగ్గరి చెట్లను చూడకండి, దూరంగా చూడండి. పుస్తకం చదవకండి. ఎండు ఉసిరి ముక్క బుగ్గన పెట్టుకోండి, లేకపోతే నిమ్మకాయ. ఖాళీ కడుపుతో ఎక్కకండి, నిండుగా తిని కూడా ఎక్కకండి. నేను తీసుకెళ్లిన పులిహోర పొట్లం ఫిలడెల్ఫియా దాటేదాకా విప్పలేదు. విప్పాక ఆ పోపు వాసనకు మూడు వరసలు వెనక్కి తిరిగి చూశాయి. అందుకు నాకు ఏ విచారమూ లేదు.

రైలంతా తిరగడం, ఒక్క ప్రశ్న అడగడం

మధ్యలో ఒకసారి లేచి చివరి దాకా నడవండి. రెండు పెట్టెల మధ్య ఆగి కళ్లు మూసుకుని వినండి. మలుపులో చక్రం కీచుమంటోందా లేదా అని. తలుపులు ఎంత మెత్తగా మూసుకుంటున్నాయి, బాత్రూంలో కుళాయి ఎన్ని సెకన్లు పారుతుంది, సామాను ఎక్కడ పెట్టుకోమన్నారు. ఇవి రాసుకోండి. పదేళ్ల తర్వాత వేగం ఏ పుస్తకంలోనైనా దొరుకుతుంది, కుళాయి సంగతి దొరకదు.

సిబ్బందిని ఒక్క ప్రశ్నే అడగండి, అదీ వాళ్లు ఖాళీగా ఉన్నప్పుడు. "ఎంత స్పీడు పోతుంది?" అని అడగకండి, అది రోజుకు వందమంది అడుగుతారు. "ఈ బండిలో మీకు ఇబ్బంది పెట్టేదేంటి?" అని అడగండి. నేను అడిగితే కండక్టరు గట్టిగా నవ్వాడు. "ఇరవై ఏళ్లుగా ఏ మలుపులో ఎటు కాలు ఆనించాలో నా కాళ్లకు తెలుసు. ఈ బండిలో అలా ఆనిస్తే ఎదురుగా ఉన్న సీటు మీద పడుతున్నాను" అన్నాడు. ఆ రోజు నా నోట్‌బుక్‌లో అన్నిటికంటే విలువైన వాక్యం అదే.

తిరుగు ప్రయాణం మామూలు బండిలో

దీన్ని మాత్రం మానకండి. తిరిగి రావడం కూడా కొత్త బండిలోనే రావాలనిపిస్తుంది. వద్దు. అదే రోజు, అదే పట్టాల మీద, అదే వాచీతో, అదే తాళంచెవితో మామూలు బండిలో రండి. రెండో కొలత లేనిదే మొదటి కొలతకు అర్థం లేదు.

నేను సాయంత్రం మామూలు మెట్రోలైనర్‌లో వచ్చాను. ట్రెంటన్ ముందు నేరుగా ఉన్న చోట ఐదు మైళ్లు మళ్లీ కొలిచాను. 2 నిమిషాల 26 సెకన్లు! తప్పు కొలిచానేమో అని ఇంకో ఐదు మైళ్లు కొలిచాను. అంతే వచ్చింది. నేరు పట్టాల మీద చుట్టానికీ ఇంటివాడికీ తేడా లేదు, రెండూ గంటకు 125 మైళ్ల హద్దులోనే. పొద్దున నేను రెండు గీతలు గీసిన అంకె స్వీడన్ రైలు గొప్పేమీ కాదు. తేడా అంతా మలుపుల్లో ఉంది. పొద్దుటి మలుపు దగ్గరికి వచ్చేసరికి బయట నీళ్ల అంచు కొంచెమే వాలింది, కానీ తాళంచెవి ఫ్రేమును వదిలి బొటనవేలి వెడల్పు దూరం పోయింది. నా కాఫీ కప్పు కూడా దాంతోపాటే బల్ల మీద జరిగింది. వాచీ ఒక్కటే ఉంటే ఈ రైలు గురించి నాకు తప్పు సంగతే తెలిసేది.

పక్క సీట్లో ఒక పెద్దాయన, రిటైరైనవాడు, నా తాళంచెవిని చాలాసేపు చూసి, "ఏంటి బాబూ ఇది?" అని అడిగాడు. చెప్పాను. పొద్దున స్వీడన్ బండి ఎక్కానని కూడా చెప్పాను. "ఇప్పుడు కూడా స్వీడన్ బండే లాగుతోంది నిన్ను" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. ఆ బండి ముందు ఉన్నది ఏఈఎం-7, అమెరికాలో తయారైన పొట్టి డబ్బాలాంటి ఇంజన్. ఆయన చెప్పిందేమిటంటే, 1976-77లో ఆమ్‌ట్రాక్ ఇలాగే రెండు చుట్టాల ఇంజన్లను తెప్పించుకుని పరీక్షించింది. ఒకటి ఫ్రాన్స్‌ది, ఇంకోటి స్వీడన్ ఆర్‌సీ4. స్వీడన్‌ది నచ్చింది. దాన్ని చేసిన స్వీడన్ కంపెనీ అసియా లైసెన్సుతో జనరల్ మోటార్స్ దాన్ని అమెరికాకు తగ్గట్టు చేసింది, అదే ఏఈఎం-7. ఆ అసియానే తర్వాత స్విట్జర్లాండ్ కంపెనీ బ్రౌన్ బోవెరితో కలిసి ఏబీబీ అయింది, ఎక్స్ 2000 చేసింది ఆ ఏబీబీనే. రైళ్ల పిచ్చివాళ్లు ఏఈఎం-7ను స్వీడిష్ మీట్‌బాల్ అని పిలుస్తారట. అది శాకాహారమా అని అడగబోయి ఆగాను.

అందుకే రెండు బళ్ల ఇంజన్ల పుట్టుపూర్వోత్తరాలు కూడా రాసుకోండి. చుట్టం వెళ్లిపోతాడు, వాడి పోలిక ఇంట్లో ఉండిపోతుంది. ఎక్స్ 2000ను ఆమ్‌ట్రాక్ కొనలేదు. కానీ 2000 డిసెంబర్‌లో అదే దారిలో మొదలైన ఎసెలా అనే రైలు మలుపుల్లో ఒరుగుతుంది.

1993 అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా రెండో చుట్టం ఐసీఈ అదే దారిలో నడిచింది. దాన్ని కూడా ఎక్కాను, రెండు రీళ్లతో. రెండు చివరలా ఇంజన్లు, బరువైన బండి, మెత్తటి సీట్లు. అది ఒరగదు. తాళంచెవి మామూలు బండిలోలాగే జరిగింది. బాగుంది, అంతకుమించి రాసుకోలేదు.

మన దగ్గర చేయాలంటే

2016లో స్పెయిన్ రైలు టాల్గో మన దేశానికి చుట్టపుచూపుగా వచ్చింది. మథుర-పల్వల్ మధ్య 180 దాకా పోయింది, ఢిల్లీ-ముంబై మధ్య పరుగెత్తింది, కానీ టికెట్లు అమ్మలేదు. అలాంటప్పుడు ప్లాట్‌ఫారం మీద నిలబడి వాచీతో కొలవడమే. పెట్టెల పొడవు తెలిస్తే, రైలు మొత్తం మీ ముందు దాటడానికి పట్టిన సెకన్లతో వేగం చెప్పొచ్చు. పసుపు గీతకు ఇవతలే నిలబడండి, పట్టాల దగ్గరికి పోయి వీడియోలు తీయకండి.

చుట్టం రాకపోయినా ఈ పద్ధతి పనికొస్తుంది. విజయవాడవాళ్లయితే విశాఖ నుంచి వచ్చే వందేభారత్‌లో పొద్దున సికింద్రాబాద్ వెళ్లి, సాయంత్రం శాతవాహనలో తిరిగి రండి. టైములు మారుతుంటాయి, ముందు చూసుకోండి. దారి ఒకటే, కిలోమీటరు రాళ్లు అవే. వందేభారత్ ఒరగదు, మోటార్లు పెట్టెల కిందే ఉంటాయి. కాబట్టి మలుపుల కంటే, స్టేషన్ నుంచి కదిలి గంటకు 100 అందుకోవడానికి ఎన్ని సెకన్లు పడుతుందో కొలవండి. వరంగల్లో ఒకసారి, వచ్చేటప్పుడు శాతవాహనలో అక్కడే ఒకసారి. తేడా అక్కడ కనబడుతుంది. ఫోన్లో రసమట్టం యాప్ ఉంటుంది, అది తాళంచెవి చెప్పిందే చెప్తుంది. కానీ తాళంచెవి వేలాడుతుంటే పక్కవాళ్లు మాట్లాడతారు, ఫోన్ చూస్తుంటే ఎవరూ పలకరించరు.

ఇంటికి రాగానే, ఎంత అలసిపోయినా సరే, నోట్‌బుక్ తీసి శుభ్రంగా ఇంకోసారి రాయండి. కదిలే రైల్లో పెన్సిల్‌తో రాసింది మర్నాటికి మీకే అర్థం కాదు. టికెట్ ముక్కను జిగురుతో అంటించకండి, అచ్చు మసకబారుతుంది. కవర్లో పెట్టి గుండుసూదితో గుచ్చండి.

నేను ఆ రాత్రి రాసిన శుభ్రప్రతి ఉత్తరంగా కాజీపేటకు వెళ్లింది. మూడు వారాలకు జవాబొచ్చింది. బాపు ఇంజన్ బరువు అడిగాడు, బ్రేకు సంగతి అడిగాడు. చివర్లో ఇంకో మాట రాశాడు. "నేను నడిపే డబ్ల్యూడీఎం-2 కూడా మీ దేశం నుంచి వచ్చిన చుట్టమే. 1962లో ఆల్కో కంపెనీ స్కెనెక్టడీ నుంచి మొదటివి ఓడలో పంపింది. ఆ ఊరు న్యూయార్క్‌కు దగ్గరేనట కదా. ఒకసారి పోయి ఆ షాపు చూసి రా. ఇప్పుడు ఏం ఇంజన్లు చేస్తున్నారో రాయి."

ఆల్కో ఇంజన్లు చేయడం 1969లోనే ఆపేసింది. ఆ సంగతి తప్ప మిగతా ప్రశ్నలన్నిటికీ జవాబు రాశాను.